ఏడో రోజు వీపు మీద మచ్చ: పచ్చళ్లు పెట్టే ఒకావిడ చేతుల కేసు

ఈ కేసు రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. ఊరు, వయసు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. వైద్యానికి సంబంధించినవి మార్చలేదు, నేను చేసిన పొరపాట్లతో సహా.

నేపథ్యం

కోస్తాలో ఒక చిన్న పట్టణం. ఆవిడకు నలభై దాటాయి. ఇంట్లోనే ఆవకాయ, మాగాయ, వెల్లుల్లి కారం, కందిపొడి చేసి అమ్ముతారు. ఏప్రిల్, మే నెలల్లో అమెరికా పార్సిళ్లు కూడా ఉంటాయి. సాయానికి ఆడపడుచు, వీధిలోని ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వస్తారు. మామిడికాయ ముక్కలు కొట్టడానికి మనిషిని పెట్టుకున్నారు కానీ వెల్లుల్లి ఒలిచే పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. "నేను ఒలిచినట్టు ఎవరూ ఒలవలేరండీ, రెబ్బకు గీత పడదు" అన్నారు మొదటి రోజే. సీజన్లో రోజుకు కిలోల కొద్దీ వెల్లుల్లి ఆ చేతుల మీదుగా పోతుంది.

మొదటిసారి నా దగ్గరికి వచ్చింది జులైలో. రెండు చేతులూ కొంగులో దాచుకుని కూర్చున్నారు. చూపించమంటే ముందు తలుపు వంక చూశారు. "గజ్జి అంటున్నారండీ. పచ్చడి కొనేవాళ్ల కంట పడితే ఇంకేమన్నా ఉందా?" ఆవిడ అసలు టెన్షన్ దురద గురించి కాదని అప్పుడే అర్థమైంది.

ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసలు గట్టిపడి, పొట్టు రేగి, నిలువునా పగిలి ఉన్నాయి. కుడి చేతికి అంత లేదు. చర్మవైద్యులకు బాగా తెలిసిన గుర్తు ఇది. కుడి చేత్తో చాకు పట్టేవాళ్లు రెబ్బను ఎడమ చేతి మూడు వేళ్ల కొసలతో పట్టుకుంటారు, రసం అక్కడే దిగుతుంది. కత్తిపీట మీద తరిగేవాళ్లలో రెండు చేతులూ వస్తువును పట్టుకుంటాయి కాబట్టి ఈ తేడా ఇంత స్పష్టంగా కనపడదు. ఈవిడ వాడేది చిన్న చాకు.

ఆ మూడు వేళ్లతో కథ అయిపోతే ఈ కేసు రాయాల్సిన పని లేదు. రెండు మణికట్లు, ముంజేతుల కింది సగం ఎర్రబడి, సన్నటి నీటి పొక్కులు లేచి, అక్కడక్కడా రసి కారుతోంది. కనురెప్పలు ఉబ్బి, ముడతలు పడ్డాయి. దురద మొదలై మూడేళ్లు. మొదటి రెండేళ్లు మేలో వచ్చి, వానలు పడేసరికి తగ్గేదట. మూడో ఏడు మాత్రం సీజన్ అయిపోయినా తగ్గలేదు, పైగా చేతుల మీదికి పాకింది. ఈ మాట నోట్సులో రాసుకున్నాను. రాసుకుని ముందుకు వెళ్లిపోయాను. అక్కడ ఆగి ఉంటే రెండు నెలలు కలిసొచ్చేవి.

అప్పటికే చేసినవి

కొబ్బరినూనె, పసుపు, వేపాకు ముద్ద అందరూ చేసేవే. ఆర్ఎంపీ దగ్గర మూడుసార్లు ఇంజెక్షన్ వేయించుకున్నారు. వేసిన వారం హాయిగా ఉండేది, తర్వాత రెట్టింపుగా తిరగబెట్టేది. రోజూ రాత్రి సెట్రిజిన్ వేసుకుంటే నిద్ర పట్టేది, దురద మాత్రం అలాగే ఉండేది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న క్రీమ్ రోజుకు నాలుగుసార్లు రాసేవారు. 20 గ్రాముల ట్యూబు ఐదు రోజులకు అయిపోయేది.

ఇవి కాక వేల రూపాయలు పోసి చేయించుకున్న రక్తపరీక్ష ఒకటి ఉంది. ఎలర్జీ ప్యానెల్ అంటారు. అందులో ఇంటి దుమ్ము, పాలు, వంకాయ 'పాజిటివ్' అని వచ్చాయి. ఆరు నెలలుగా ఆ ఇంట్లో గుత్తివంకాయ లేదు.

ఆ ప్యానెల్ వెతికేది ఐజీఈ అనే యాంటీబాడీని. తిన్న నిమిషాల్లో దద్దుర్లు లేచే రకానికో, దుమ్ముకు తుమ్ములొచ్చే రకానికో అది పనికొస్తుంది. ఈవిడ చేతుల్లో జరుగుతున్నది టి-కణాల పని. ఒక చిన్న రసాయనం చర్మంలోకి దిగి అక్కడి ప్రొటీన్లకు అంటుకుంటుంది. చర్మంలో కాపలా ఉండే లాంగర్‌హాన్స్ కణాలు దాన్ని పట్టుకుని దగ్గర్లోని లింఫు గ్రంథికి మోసుకెళ్లి టి-కణాలకు చూపిస్తాయి. ఈ పరిచయానికి పది పదిహేను రోజులు పడుతుంది. ఆ రోజుల్లో పైకి ఏమీ కనపడదు. ఆ తర్వాత అదే రసాయనం మళ్లీ తగిలితే, దాన్ని గుర్తుపెట్టుకున్న టి-కణాలు ఒకటి రెండు రోజుల్లో అక్కడికి చేరి వాపు పుట్టిస్తాయి. తగిలింది సోమవారం, దురద బుధవారం. అందుకే దేనివల్ల వచ్చిందో మనిషికి తట్టదు. ఇందులో హిస్టమిన్ పాత్ర తక్కువ, అందుకే సెట్రిజిన్ నిద్ర పుచ్చడం తప్ప ఇంకేమీ చేయలేకపోయింది.

"వంకాయ తినండమ్మా" అన్నాను. ఆ రోజు నేనిచ్చిన సలహాల్లో పూర్తిగా సరైంది అదొక్కటే.

నా మొదటి లెక్క

కారం, ఉప్పు, ఆవపిండి, రోజంతా తడి చేతులు. ఇవే చాలు చర్మం ఒరుసుకుపోవడానికి, ఎలర్జీ అక్కర్లేదు. మామిడి సొన కూడా కొందరికి పడదు, మామిడి జీడి కుటుంబపు చెట్టే కదా. కానీ ఈవిడ కాయ కొట్టరు. ఇక వెల్లుల్లి ఉండనే ఉంది. పొట్టు గీకి కేఓహెచ్ అనే ద్రావణం వేసి మైక్రోస్కోపులో చూశాను, ఫంగస్ లేదు. ఒరుపు మీద వెల్లుల్లి ఎలర్జీ కలిసిందని నా అంచనా. ముంజేతులకు, రెప్పలకు పాకడాన్ని "చేతులతో ముట్టుకోవడం వల్ల" అని సర్దేసుకున్నాను. రెప్పలకు అది నప్పుతుంది, ఎందుకంటే అక్కడి చర్మం పలచన, వేలికి ఉన్నది ఇట్టే ఎక్కుతుంది. ముంజేతులకు మాత్రం అది గట్టి సమాధానం కాదు.

ఇలాంటి ఎలర్జీని పట్టేది ప్యాచ్ టెస్ట్: అనుమానమున్న రసాయనాల్ని వీపు మీద గళ్లు గళ్లుగా అంటించి, రెండు రోజులకు తీసి, ఏ గడి ఎర్రబడిందో చూడటం. అది అప్పుడే చేయొచ్చు కదా అని అడగొచ్చు. ఆర్ఎంపీ ఇంజెక్షన్ పడి పది రోజులే అయింది. ఒంట్లో స్టెరాయిడ్ ఉండగా టెస్ట్ చేస్తే ఉన్న ఎలర్జీ కూడా లేనట్టు రావచ్చు. రసి కారుతున్న దశలో వీపు మీద ప్యాచులు వేస్తే లేనివి కూడా ఉన్నట్టు రావచ్చు. ముందు చల్లార్చాలి.

దానికి క్లోబెటాసాల్ అనే స్టెరాయిడ్, 0.05 శాతం ఆయింట్‌మెంట్ రాశాను. రోజుకు ఒక్కసారి, రెండు వారాలు, చేతులకు మాత్రమే. ఇంత బలమైనది ఎందుకంటే వేలికొసల చర్మం మందం, తక్కువ బలం ఉన్నది అక్కడ దిగదు. క్రీమ్ కాకుండా ఆయింట్‌మెంట్ ఎందుకంటే, క్రీములో నీళ్లుంటాయి, అవి చెడకుండా ప్రిజర్వేటివ్‌లు వేస్తారు, వాటికీ ఎలర్జీలు ఉంటాయి. కొలత చూపించాను. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు నుంచి పిండితే సుమారు అర గ్రాము, అది రెండు అరచేతులంత చర్మానికి చాలు. రెప్పలకు స్టెరాయిడ్ వద్దని, స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ 0.03 శాతం ఇచ్చాను. కంటి డాక్టరు దగ్గరికి పంపి కంటిలోపలి ప్రెషర్ చూపించాను, మామూలుగానే ఉంది.

రెండు చోట్ల బోల్తా

మూడు వారాలకు వచ్చారు. మొదటి పది రోజులు బాగా తగ్గిందట. మందు ఆపిన మూడో రోజుకే మణికట్లు మండిపోయాయి, దాంతో మళ్లీ రాశారు, మళ్లీ తగ్గింది. ఇక స్టెరాయిడ్ నుంచి తప్పించాలనుకుని పగుళ్లున్న వేళ్లకు, మణికట్లకు టాక్రోలిమస్ 0.1 శాతం మొదలుపెట్టాను. రెండో రోజే ఫోన్: "కారం పూసినట్టుందండీ, కడిగేశాను." తప్పు మందుది కాదు. టాక్రోలిమస్ మొదటి రోజుల్లో మండుతుంది, పచ్చి చర్మం మీద ఇంకా మండుతుంది. వాపు దించాక మొదలుపెట్టాల్సింది, నేను వాపు మీదే పూయించాను. ఆ మంట గుర్తుండి ఆ ట్యూబు మళ్లీ ముట్టుకోనన్నారు.

ఆగస్టు ఆఖర్లో ప్యాచ్ టెస్ట్ చేశాం. అందరికీ వేసే మామూలు రసాయనాల వరసతో పాటు వెల్లుల్లిలోని డయలైల్ డైసల్ఫైడ్, 1 శాతం, విడిగా తెప్పించాం. ఇంట్లో వెల్లుల్లి నూరి వీపుకు అంటించే పని మాత్రం చేయకూడదు. పచ్చి వెల్లుల్లి ఎలర్జీ లేనివాళ్ల చర్మాన్ని కూడా కాలుస్తుంది. మోకాలి నొప్పికి వెల్లుల్లి ముద్ద కట్టుకుని బొబ్బలతో వచ్చినవాళ్లు నా దగ్గరే ఉన్నారు.

సోమవారం వేశాం, బుధవారం తీశాం. శుక్రవారం, అంటే 96 గంటలకు, వెల్లుల్లి చోట ఎర్రగా పొంగి చిన్న పొక్కులు, రెండు ప్లస్‌లు, అంటే గట్టి పాజిటివ్. మిగతా అన్నీ శుభ్రం. అనుకున్నదే వచ్చింది కాబట్టి ఫైలు మూసేశాను. ఆవిడ ఊరు దూరం, మళ్లీ రమ్మనడానికి మొహమాటపడ్డాను.

తర్వాతి సోమవారం ఫోన్. "వీపు మీద ఇంకోచోట దురదండీ, రూపాయి బిళ్లంత మచ్చ ఉందని మా ఆడపడుచు అంటోంది." ప్లాస్టర్ ఒరిసి ఉంటుందనుకున్నాను. "ఇంట్లో చేతులకు రాసే మందు ఉంది కదా, రెండు రోజులు అదే రాయండి" అన్నాను.

బుధవారం బస్సెక్కి వచ్చేశారు. మచ్చ ఇప్పుడు రూపాయి బిళ్ల కాదు, అరచేయంత. మార్కర్ గీతలు చాలావరకు చెరిగిపోయాయి కానీ అంచుల్లో రెండు మిగిలాయి. వాటిని పట్టుకుని షీట్ పక్కన పెట్టి వరసలు లెక్కపెట్టాను. మచ్చ నడిబొడ్డు నియోమైసిన్ గడి. చర్మపు పూతల్లో కలిపే యాంటీబయాటిక్ అది.

ట్యూబుల కవరు

"వాడినవన్నీ తెచ్చారా?" అని అప్పుడు అడిగాను, మొదటి రోజు అడగాల్సింది. ఆవిడ ఎప్పుడూ తెస్తూనే ఉన్నారట, నేనే అడగలేదు. పాలిథిన్ కవరు బల్ల మీద బోర్లిస్తే ఏడు ట్యూబులు. ఒకటి టూత్‌పేస్టులా చివరి దాకా చుట్టేసి ఉంది. అక్షరాలు చీమ తలకాయంత. ఫోన్ కెమెరాతో పెద్దవి చేసి చదివాం, ఆవిడ పట్టుకుంటే నేను చదవడం.

మూడు పాత ట్యూబులు క్లోబెటాసాల్, యాంటీఫంగల్, నియోమైసిన్ కలిపినవి. అవి ఊహించినవే. మిగతావాటిలో రెండు నా చీటీ మీద కొన్నవి. నేను రాసిన బ్రాండ్ పేరే ఉంది, కానీ పేరు చివర ఒక అక్షరం ఎక్కువ. ఆ అక్షరం అర్థం నియోమైసిన్ కలిసిందని. షాపతను "అదే కంపెనీ, ఇది ఇంకా బాగా పనిచేస్తుంది" అని ఇచ్చాడట. చీటీ మీద నేను బ్రాండ్ పేరు మాత్రమే రాశాను, ఇన్‌ఫెక్షన్ మందు కలవనిది కావాలని ఎక్కడా రాయలేదు. తప్పులో సగం నాదే. 2018లో ఇలాంటి స్టెరాయిడ్ పూతల్ని ప్రిస్క్రిప్షన్ తప్పనిసరైన షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు. ప్రిస్క్రిప్షన్ ఉన్నప్పుడు కూడా ఏ ట్యూబు చేతికొస్తుందో చూసేవాళ్లుండాలి.

ఇప్పుడు మూడో ఏడు సంగతి విప్పుకుంది. వెల్లుల్లి వల్ల వేళ్లు పగిలాయి. పగిలిన చోట నియోమైసిన్ పడింది. ఒక ట్యూబులో రెండు పనులు జరుగుతున్నాయి: నియోమైసిన్ టి-కణాల్ని రెచ్చగొడుతుంది, క్లోబెటాసాల్ వాటి నోరు నొక్కుతుంది. రాస్తున్నన్నాళ్లు స్టెరాయిడ్‌దే పైచేయి. ఆపగానే దాని పట్టు సడలుతుంది, నియోమైసిన్ మంట బయటికొస్తుంది. రోగి మళ్లీ రాస్తుంది. రోగం ముదిరిందని ఆవిడ, స్టెరాయిడ్ అలవాటైందని నేను అనుకున్నాం. ముంజేతులకు పాకింది వెల్లుల్లి కాదు, క్రీమ్. అది రాసిన మేరకే ఎర్రదనం ఉంది. జులైలో ఆ గీతను నేను చూశాను, చదవలేదు.

ఏడో రోజు ఎందుకు?

దీనికి సమాధానం అణువు సైజులో ఉంది. ఈ కేసంతా అదే వివరిస్తుందని నాకనిపిస్తుంది. అణువు బరువును డాల్టన్లలో కొలుస్తారు. 500 డాల్టన్లు దాటిన అణువు మంచి చర్మంలోంచి దిగడం కష్టమని మాలో ఒక మోటు లెక్క ఉంది. వెల్లుల్లి డైసల్ఫైడ్ 146. చర్మమే కాదు, మామూలు గ్లవ్స్‌లోంచి కూడా దూరిపోతుంది. క్లోబెటాసాల్ ప్రొపియొనేట్ 467, గీత లోపలే. నియోమైసిన్ 615 దగ్గర. మంచి చర్మం మీద అది పెద్దగా దిగదు. పగిలిన చర్మం మీద దారి దొరుకుతుంది, అందుకే పుండ్లకు, ఎగ్జిమాకు (దురదతో వాచి పగిలే చర్మానికి) వాడేవాళ్లకే దాని ఎలర్జీ ఎక్కువ. వీపు మీది మంచి చర్మంలోంచి నెమ్మదిగా దిగాలి కాబట్టే దాని గడి ఆలస్యంగా పొంగుతుంది. స్టెరాయిడ్లకు కూడా ఎలర్జీ ఉంటుంది, అదీ ఆలస్యంగానే కనపడుతుంది, అక్కడ కారణం వేరు: మందే తన వాపును తాను కొన్నాళ్లు అణిచిపెడుతుంది.

టాక్రోలిమస్ 804. వాచిన చర్మంలోకి దిగుతుంది, చర్మం మానుతున్న కొద్దీ దానంతట అదే దిగడం తగ్గుతుంది. రెప్పలకు అది క్షేమం కావడానికి ఇదొక కారణం. టి-కణంలో కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్‌ను అడ్డుకుని ఐఎల్-2 లాంటి సంకేతాలు తయారు కాకుండా ఆపుతుంది, స్టెరాయిడ్‌లా చర్మాన్ని పలచబరచదు. వేలికొసల మందపాటి చర్మం మీద ఇంత పెద్ద అణువు నుంచి ఎక్కువ ఆశించకూడదని కూడా ఆ అంకే చెబుతోంది.

పనిచేసింది

రెండో విడత టెస్టులో ఈ ఎలర్జీ నియోమైసిన్‌ను పోలిన మందుల్లో ఎంతదాకా ఉందో, స్టెరాయిడ్లకు కూడా ఉందో లేదో చూశాం. ఫ్రామైసిటిన్ పాజిటివ్. అది నియోమైసిన్ కుటుంబమే, ఇంట్లో దెబ్బలకు పూసే ఆయింట్‌మెంట్లలో ఉంటుంది. జెంటామైసిన్ కూడా పాజిటివ్, కంటి చుక్కల్లో దొరికేది. స్టెరాయిడ్ ఎలర్జీని పట్టించే టిక్సోకార్టాల్, బుడెసొనైడ్ రెండూ నెగటివ్. అంటే స్టెరాయిడ్‌ను నమ్మొచ్చు. ఈసారి ఏడో రోజు చూడకుండా వదల్లేదు.

పాత ట్యూబులన్నీ చెత్తబుట్టకు. ఏ మందూ కలవని క్లోబెటాసాల్ ఆయింట్‌మెంట్ రాత్రికి ఒక్కసారి, పద్నాలుగు రోజులు వేళ్లకు, మణికట్లకు వారం. ఆ చోట చర్మం అప్పటికే పలచబడి నరాలు కనపడుతున్నాయి కాబట్టి తక్కువ రోజులు. తర్వాత మణికట్లకు టాక్రోలిమస్ 0.1 శాతం. ఈసారి మాట ముందే చెప్పాను: నాలుగైదు రోజులు మండుతుంది, ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా రాసుకోండి, అన్నం వండేముందు కాకుండా పడుకునే ముందు. వచ్చారు, మండిందన్నారు, అయినా రాయడం ఆపలేదన్నారు. వేలికొసలకు శని, ఆదివారాలు మాత్రం మొమెటాసోన్ అనే ఇంకో స్టెరాయిడ్, మిగతా రోజులు ఉత్త పెట్రోలియం జెల్లీ, చేతులు కడిగిన ప్రతిసారీ.

అసలు గట్టిగా ఆగాల్సింది వెల్లుల్లి దగ్గర. గ్లవ్స్ వేసుకుని ఒలుస్తానన్నారు. రసం గ్లవ్‌లోకి దిగితే లోపల చెమటతో కలిసి ఇంకా పాడు చేస్తుందని చెప్పాను. ఒలిచే పని ఆడపడుచుకు, మిగతా ఇద్దరికి. ఈవిడ కొలతలు, సీసాలు, లెక్కలు. ఇంట్లో కూరకు అల్లంవెల్లుల్లి పేస్టు స్పూన్‌తో. తినడం మానక్కర్లేదు, తిన్నాక చేతులు దురదపెడితే మాత్రం చెప్పమన్నాను. ఇంతవరకు పెట్టలేదు. గజ్జి మాట మీద మాత్రం ఆడపడుచును కూడా కూర్చోబెట్టి చెప్పాను: ఇది అంటదు, మీకు రాదు, పచ్చడికి పాకదు. ఆ పది నిమిషాల కన్సల్టేషన్ ట్యూబుల కన్నా ఎక్కువ పని చేసింది, ఆవిడ కొంగులోంచి చేతులు బయటికొచ్చాయి.

ముంజేతులు మూడు వారాల్లో శుభ్రపడ్డాయి. రెప్పలు అంతకన్నా ముందే. వేళ్లకు రెండు నెలలు పట్టింది.

నా గదిలో మారినవి

చీటీ మీద ఇప్పుడు మందు పేరు పూర్తిగా, పెద్ద అక్షరాల్లో రాసి కింద తెలుగులో "ఇంకేమీ కలపనిది" అని రాస్తున్నాను. ట్యూబు కొన్నాక ఫోటో తీసి పంపమంటున్నాను. కొత్త పేషెంటుకు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే రిసెప్షన్‌లో చెబుతారు, రాసుకున్నవన్నీ కవరులో వేసుకు రమ్మని. ప్యాచ్ టెస్ట్ 1895లో జాడాసోన్ మొదలుపెట్టినప్పటి నుంచి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేని పరీక్ష, ఓపిక మాత్రం కావాలి. దూరం నుంచి వచ్చినవాళ్లకు ఏడో రోజు వెలుతురులో వీపు ఫోటో తీసి పంపడం ఇంట్లోవాళ్లకు నేర్పి పంపుతున్నాను. వీపు దురద అని ఫోన్ వస్తే ఏ క్రీమూ చెప్పను, రమ్మంటాను. రెండు వారాలు రాసి ఆపగానే తిరగబెట్టిన ఎగ్జిమాలో మొదటి అనుమానం ట్యూబు మీదే పెడుతున్నాను. అన్నిసార్లూ అది నిజం కాదు, ఎక్కువసార్లు మామూలు తిరగబెట్టడమే. అనుమానపడటానికి ఖర్చు లేదు కదా.

ఏడాది తర్వాత, మేలో చూపించుకోవడానికి వచ్చారు. మణికట్లు మామూలుగా ఉన్నాయి. ఎడమ బొటనవేలు మాత్రం కొంచెం పగిలింది. అడిగితే ఏమీ లేదన్నారు. పక్కనున్న ఆడపడుచు ఊరుకోలేదు: "అబద్ధమండీ. మేం ఒలిచినవి చూసి గీతలు పడ్డాయని, రాత్రి మేమంతా పడుకున్నాక రెండు పాయలు తీసుకుని కూర్చుంది."